దాసప్ప దిద్దిన ప్రార్థన

పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో చేరిన మొదటి నెలలోనే దాసప్పకు తోటివాళ్లు కొత్త పేరు పెట్టేశారు. యాడయ్య.

అది 1990. తమిళనాడులోని హోసూరు నుంచి రెండు రైళ్లు మారి కోస్తా ఆంధ్రలో ఉన్న ఆ కళాశాలకు చేరిన విద్యార్థి ఆ ఏడాది అతనొక్కడే. ప్రసంగం చేయడం నేర్పే తరగతిలో తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "బిడ్డ తప్పిపోతే తండ్రి ఊరుకుంటాడా? యాడుండాడో అని ఊరంతా తిరుగుతాడు" అన్నాడు. తరగతి గొల్లుమంది. పాఠం చెప్పే అయ్యగారు మాత్రం నవ్వలేదు. నవ్వి వదిలేసినా బాగుండేది. బల్ల మీద వేళ్లతో తట్టి, "ఎక్కడ. అనండి, ఎక్కడ" అన్నారు. దాసప్ప అన్నాడు. "మళ్లీ." మళ్లీ అన్నాడు. గంట కొట్టేదాకా ముప్పై మంది ఎదుట నిలబడి ఎక్కడ, అక్కడ, ఇక్కడ అని పలుకుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత భోజనాల దగ్గర, స్నానాల దగ్గర, "ఏమప్పా యాడయ్యా, ఈడ కూకో" అని పిలిచేవాళ్లు. అతనూ నవ్వేవాడు. నాలుగేళ్లు నవ్వాడు. తన తాతముత్తాతలు రాగి చేలల్లో కలుపు తీస్తూ మాట్లాడుకున్న మాట అది. దాన్ని తప్పని తేల్చే అధికారం మీకెవరిచ్చారని ఒక్కనాడూ అడగలేదు. కూలివాళ్ల ఇంటి నుంచి చదువుకోవడానికి వచ్చినవాడికి అడగడం కూడా ఒక ఖర్చే. నవ్వేవాళ్లతో కలిసి నవ్వితే దెబ్బ తగలదనుకున్నాడు. తగిలింది. ఎంత లోతుగా తగిలిందో అతనికి పదిహేడేళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఈలోగా ఆ దెబ్బను అతను ఇంకొకరికి అప్పజెప్పేశాడు కూడా.

1994లో హోసూరుకు పాస్టరుగా తిరిగి వచ్చేసరికి అతని నోట కోస్తా తెలుగు ఇస్త్రీ చేసిన చొక్కాలా నలగకుండా నిలబడేది. బాగలూరు రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. ముందు నాలుగు వరసలు కుర్చీలు, వెనక చాపలు. కుర్చీల్లో ఆంధ్ర నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కూర్చునేవారు. చాపల మీద ఊరి జనం: కూరగాయలమ్మేవాళ్లు, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు, గులాబీ తోటల్లో కూలికి పోయేవాళ్లు. ఎవరు ఎక్కడ కూర్చోవాలని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మీది గుంటూరాండీ?" అని ముందు వరసలోని ఒకాయన అడిగితే దాసప్ప వెంటనే కాదనలేదు. ఒక క్షణం ఆ మాటను అనుభవించి, ఆ తర్వాతే "కాదండీ, ఈ పక్కనే" అన్నాడు.

పన్నెండేళ్లు దాటాక చర్చిని నడిపే మిషన్ వాళ్లు అతనికి మూడు నెలల విశ్రాంతి సెలవు ఇచ్చారు. 2007 మే నెల. ప్రసంగం చేయకూడదు, ఇళ్ల దర్శనాలకు వెళ్లకూడదు. ఊరికే ఉండి తన సేవ గురించి ఆలోచించుకుని, తోచింది రాసి తేవాలి. అందుకని ఒక నోటు పుస్తకం కూడా చేతికిచ్చారు. దాసప్ప దాన్ని సంచిలో వేసుకుని మత్తూరులో ఉన్న అక్క అంజనమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె బస్టాండు దగ్గర ఇడ్లీల కొట్టు నడుపుతుంది. బాప్తిస్మం తీసుకోలేదు. దాని గురించి అక్కాతమ్ముళ్లు వాదించుకోవడం ఎప్పుడో మానేశారు.

మొదటి రోజు పొద్దున్నే దాసప్ప, "అక్కా, స్నానానికి వేడినీళ్లు ఎక్కడ ఉన్నాయి?" అని అడిగాడు.

అంజనమ్మ ఇడ్లీ పాత్ర మీద మూత అట్లాగే పట్టుకుని చూసింది. "ఒరే దాసప్పా, ఇంట్లో వార్తలు చదవద్దప్పా. పొద్దున్నే రేడియో పెట్టినట్ల ఉండాది."

కొట్టులో తింటున్నవాళ్లు నవ్వారు. ఇలాంటి నవ్వే కళాశాలలోనూ విన్నాడు గానీ, ఇది వేరు. వీళ్లు నవ్వి, పక్కకు జరిగి, కూర్చోమని బల్ల మీద చోటిచ్చారు.

పని లేకుండా ఉండడం అతనికి చేతకాలేదు. చట్నీకి వేరుశనగలు పొట్టు తీసేవాడు, టీ గ్లాసులు కడిగేవాడు. మామిడికాయల కాలం. గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు పోయే లారీలు కొట్టు ముందు ఆగేవి, డ్రైవర్లు డబ్బుతోపాటు రెండు కాయలు కూడా పెట్టి వెళ్లేవారు. మధ్యాహ్నం సంగటి, పప్పుకట్టుతో కాచిన ఉప్పుసారు తిని కేశవప్ప మంగలి షాపులో బెంచీ మీద కూర్చునేవాడు. అక్కడ తమిళ పేపరు పైకి చదివి, తెలుగులో వాదించుకుని, కోపం వస్తే కన్నడంలో తిట్టుకునేవారు. వానల గురించి, టమోటా ధర గురించి, ఎవరింటి గేదె తప్పిపోయిందనే దాని గురించి. పన్నెండేళ్లలో దాసప్ప జనానికి ఎన్నో మాటలు చెప్పాడు. జనం తమలో తాము ఏం మాట్లాడుకుంటారో ఇంతసేపు కూర్చుని ఎప్పుడూ వినలేదు. నోటు పుస్తకంలో మాత్రం ఒక్క అక్షరమూ పడలేదు.

జూన్ చివర్లో ఒక రోజు కేశవప్ప ఒకరికి గడ్డం గీస్తూ మధ్యలో దువ్వెన కోసం వెతుక్కుంటున్నాడు. దాసప్ప పేపర్లో తలదూర్చి, ఆలోచన లేకుండా, "యాడ పెట్టినావో ఆడనే ఉంటాది, చూడప్పా" అన్నాడు.

కేశవప్ప కత్తి ఆపాడు. "వచ్చినాడప్పా దాసప్ప! నెలన్నర ఆయె ఈ మనిషి బస్సు దిగి, ఇప్పుడు కదా ఊరికి చేరినాడు!"

షాపంతా నవ్వింది. దాసప్ప కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తన నోటి నుంచి వచ్చిన ఆ 'యాడ' అనే మాట వెనకే ఇంకొకరి గొంతు వినిపించింది. పదేళ్ల కిందటి గొంతు. కదిరమ్మది.

కదిరమ్మ హోసూరు మార్కెట్లో కొత్తిమీర అమ్మేది. ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి ప్రార్థన చేయవచ్చు అన్నప్పుడు చాపల మీద నుంచి మొదట లేచేది ఆమే. ఆమె దేవునితో ఇరుగింటివాడితో మాట్లాడినట్టు మాట్లాడేది. 1997లో వానలు మొహం చాటేసిన ఆ ఆదివారం ఆమె లేచి కళ్లు మూసుకుని, "ఏమప్పా దేవుడా, వాన యాడికి పోయినాది? నువ్వన్నా చూసినావా? బావిలో బిందె మునగడంలే. నువ్వు యాడుంటే ఆడికి మా మాట వినపడల్ల కదా, వినపడలేదంటే చెప్పు, ఇంకా గట్టిగా అరుస్తాను" అంటోంది.

ముందు వరసలో ఒకరు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దాసప్పకు అది కనిపించింది. వాళ్లు నవ్వుతున్నది కదిరమ్మను చూసి కాదు, తన లోపల దాక్కున్నవాణ్ని చూసి అనిపించింది.

"కదిరమ్మా, ఆగండి" అన్నాడు. "దేవునితో మాట్లాడేటప్పుడు మర్యాద ఉండాలి. 'ఏమప్పా' అనకూడదు, 'ప్రభువా' అనాలి. 'యాడ' కాదు, 'ఎక్కడ'. ఏదీ, అనండి."

ఆమె కళ్లు తెరిచింది. చర్చి మొత్తాన్ని ఒకసారి చూసింది. "ఎక్కడ" అంది. అని, కూర్చుంది.

అంతే. ఆ తర్వాత రెండేళ్లు క్రమం తప్పకుండా వచ్చింది, ఒక్కసారీ లేవలేదు. తర్వాత రావడం మానేసింది. ఆ ఏడాది మిషన్‌కు పంపిన నివేదికలో ఆమె పేరు పక్కన దాసప్ప 'వలస వెళ్లినారు' అని రాశాడు. మార్కెట్ చర్చికి అరగంట నడక దూరం. వెళ్లి చూడలేదు.

ఆ రోజు కేశవప్ప షాపు నుంచి ఇంటికి వచ్చి దాసప్ప నోటు పుస్తకం తెరిచి ఒక్క పేరు రాశాడు. మర్నాడు కృష్ణగిరి బస్సెక్కి, అక్కడ హోసూరు బస్సు పట్టుకున్నాడు. ఆమె మళ్లీ ఒకసారి, తన మాటలోనే, బయటికి ప్రార్థన చేస్తే వినాలి. అతనికి కావలసింది అదొక్కటే.

కదిరమ్మ అదే మార్కెట్లో, అదే గోడ పక్కన, గోనెపట్టా మీద కొత్తిమీర కట్టలు పేర్చుకుని కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. పక్కన ఆరేళ్ల మనవరాలు పవిత్ర నీళ్లు చిలకరిస్తోంది.

"కదిరమ్మక్కా, బాగుండావా?" అన్నాడు దాసప్ప.

ఆమె తలెత్తి చూసి లేవబోయింది. "అయ్యగారూ! ఏమి, మా మాట మాట్లాడతావుండారు? ఒళ్లు బాగలేదా?"

"ఇప్పుడే బాగయినాదిలే అక్కా." గోనెపట్టా చివర కూర్చున్నాడు. ఆమె టీ తెప్పించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చర్చికి రావడం లేదేమని అడిగాడు. అడిగాక సిగ్గుపడ్డాడు.

"పోతావుండానయ్యగారూ, వేరే సభకి. అరవం సభ. మా కోడలు తమిళ్‌సెల్వి పిలుచుకొని పోయె."

"అక్కడ ప్రార్థన చేస్తావా? పైకి?"

"చేస్తానే. అరవంలో."

"నీకి అరవం బాగా వస్తాదా అక్కా?"

కదిరమ్మ నవ్వింది. "యాడొస్తాది? బేరమాడేదానికి వస్తాది. ప్రార్థనలో అన్నీ తప్పులే. ఆడ కూడా నవ్వుతారు. అయితే నాకి సిగ్గుండదు. అది నాది కాదు కదా, తప్పు పోతే పోనీ. తెలుగు మా అమ్మ పాలతో ఇచ్చినాది. అదే తప్పని చెప్పినాక ఇంక ఏం మాట్లాడేది?"

దాసప్ప చేతిలో గ్లాసు చల్లారిపోయింది. "తప్పు నీది కాదక్కా. నాది. ఆ దినం నేను చేసినాను తప్పు. నన్ను క్షమించు."

"అయ్యో, పోనీలే. మీరు మంచికే చెప్పినారు." ఒక కట్ట విప్పి పండుటాకులు ఏరుతూ అంది. ఆమె కోప్పడి ఉంటే దాసప్ప కొంచెం ఊపిరి పీల్చుకునేవాడు.

"ఒక్కసారి చేస్తావా అక్కా? తెలుగులో. నీ మాటలోనే."

ఆమె ఏరిన ఆకులు పక్కన పెట్టింది. "రాదయ్యగారూ. ఇంట్లో ఎన్నోసార్లు చూసినాను. నోరు తెరిస్తే యాడ అనల్నా, ఎక్కడ అనల్నా అని అదే ముందుకొస్తాది. అది తేలేలోపల ఆ దేవుడు పోయుంటాడు."

పవిత్ర అవ్వ భుజం తట్టి తమిళంలో ఏదో అడిగింది. ఆమె తమిళంలోనే జవాబు చెప్పింది.

"పాపకి తెలుగు రాదా?"

"నేర్పలే. నేర్పి, అది కూడా నడి సభలో నిలబడి తప్పని చెప్పించుకునేదానికా?"

ఆగస్టులో సెలవు ముగిసింది. దాసప్ప మొదటి ఆదివారం ప్రసంగం తన మాటలో చేశాడు. కదిరమ్మకు తాను చేసింది దాచకుండా చెప్పాడు. చాపల మీద కొందరు తలలు వంచుకున్నారు. కుర్చీల్లో నుంచి ఆదిశేషయ్య అనే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆరాధన అయ్యాక దగ్గరికి వచ్చి, "సెలవు బాగా గడిచినట్టుందండీ. భాష కాస్త పాడైంది, నాలుగు వారాల్లో సర్దుకుంటుంది లెండి" అని చేయి కలిపి వెళ్లాడు. నిజంగా ఓదార్చాలనే అన్నాడు.

నవంబరులో కోత పండుగ ఆరాధనకు రమ్మని దాసప్ప స్వయంగా వెళ్లి పిలిచాడు. కదిరమ్మ వచ్చింది. పవిత్రను పక్కన పెట్టుకుని చాప మీద కూర్చుంది. ఎవరికి మనసైతే వాళ్లు ప్రార్థన చేయవచ్చని చెప్పి దాసప్ప కళ్లు మూసుకోకుండా నిలబడ్డాడు. కదిరమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. పెదవులు కదిలాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది గానీ ఆమె మాట వినిపించలేదు. పిల్ల తలెత్తి అవ్వ నోటివైపే చూస్తోంది, ఏ భాష వస్తుందో తెలియనట్టు. ముందు వరసలో ఎవరో ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక, గొంతు సవరించుకుని, ఏ దోషమూ లేని తెలుగులో ప్రార్థన అందుకున్నారు. కదిరమ్మ కూర్చుంది.

పాస్టర్ దాసప్ప దుర్మార్గుడు కాదు. ఈ కథలో దుర్మార్గులే లేరు. అందుకే దీన్ని చదివి పక్కన పెట్టేయవద్దు. హోసూరు, కృష్ణగిరి బళ్లలో తెలుగు పంతుళ్లు కావాలని సర్కారును అడుగుదాం, గట్టిగా అడుగుదాం. దానికంటే ముందు మన ఇళ్లలో మనం మూయించిన నోళ్ల సంగతి చూద్దాం. మీ చర్చిలో, మీ భజన మందిరంలో, మీ సంఘం మీటింగులో వెనక కూర్చుని ఏళ్ల తరబడి నోరు విప్పనివాళ్లు ఎవరున్నారో ఈ వారమే చూడండి. వాళ్లను ముందుకు పిలవండి. వాళ్లు మాట్లాడుతుంటే దిద్దకండి, మీ పిల్లలు నవ్వితే ఆపండి. 'ఉండాది' అన్నందుకు పిల్లవాడికి మార్కు తగ్గించిన పంతులు దగ్గరికి వెళ్లి ఎందుకు తగ్గించావని అడగండి. ఎప్పుడో ఎవరి మాటనైనా మీరే నలుగురిలో దిద్ది ఉంటే, వెతుక్కుంటూ వెళ్లి తప్పు ఒప్పుకోండి. పదేళ్లు ఆగకండి. ఇవాళే వెళ్లండి, వాళ్ల నోట ఇంకా మాట ఉండగానే.