పెద్దక్క బల్ల జరిపిన రోజు

ఆ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి పెద్దక్క అనేవారు. ఆస్తి పత్రాలకు నకళ్ళు టైపు చేయడం ఆవిడ పని. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో పద్దెనిమిదింటినీ ఒకే నల్ల తీగ మీద కలిపారు. బల్లల కింద నుంచి పోయే ఆ తీగ ఒక్కో కంప్యూటరు దగ్గర తెగి, ఒక లోహపు ముక్కతో మళ్ళీ అతుక్కునేది.

ఒక మధ్యాహ్నం ఎండ తెర మీద పడి అక్షరాలు కనిపించక, పెద్దక్క బల్లను రెండడుగులు పక్కకు లాగింది. కాసేపటికే హాలంతా గగ్గోలు. ఎవరి పత్రమూ తెరుచుకోదు. అది తన నిర్వాకమని తట్టక, అందరికంటే ఎక్కువ విసుక్కున్నది ఆవిడే.

కబురందుకుని మెకానిక్కు వచ్చాడు. తీగను మధ్యలో విప్పి, పత్రాలన్నీ దాచే పెద్ద కంప్యూటరున్న సగం కొసకు చిన్న మూత బిగించాడు. ఆ సగం లేచి కూర్చుంది, అంటే లోపం అవతలి సగంలోనే. మూతను నాలుగేసి బల్లలు అవతలికి జరుపుతూ, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి పెద్దక్క కాళ్ళ దగ్గర తేలాడు. ఊడిన తీగ కొస ఆవిడ చెప్పు పక్కనే పడి ఉంది.

ఆవిడ వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"నా ఒక్కదానిది ఊడితే అందరివీ ఎందుకాగాయి నాయనా?"

"ఒక కంప్యూటరు పంపిన మాట తీగ చివరిదాకా పోయి అక్కడ ఆగిపోవాలక్కా. అందుకే రెండు చివర్లా మూతలు. మధ్యలో ఊడితే అక్కడ మూత ఉండదు కదా, మాట వెనక్కొచ్చి మిగతావాళ్ళ మాటల మీద పడుతుంది. ఇక ఎవరిదీ ఎవరికీ వినపడదు."

పెద్దక్క నేరం ఒప్పుకుంది. హాల్లో నవ్వులు ఆగడానికి పావుగంట పట్టింది. మర్నాడు ఆవిడ ప్రతి బల్ల కాళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీసింది. గీత దాటితే ఆఫీసరు మీదైనా ఒంటికాలి మీద లేచేది. నెల తిరక్కుండా మూత పట్టుకుని బల్లల కింద పాకడమూ వచ్చేసింది.

తీగ మీద కంప్యూటర్లు పాటించే ఇంకో మర్యాద ఉందని మెకానిక్కే చెప్పాడు. మాట్లాడే ముందు వినాలట. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ ఆపేసి, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలట. పెద్దక్కకు ఇది తెగ నచ్చింది. బస్సు కండక్టరైన భర్తా, తనూ ఎప్పుడూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడేవారు మరి. ఆ పూట భోజనాల దగ్గర పద్ధతి అమల్లో పెట్టింది. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు, ఇద్దరూ ఆపారు. కాసేపాగి మళ్ళీ ఒకేసారి మొదలుపెట్టారు. మూడోసారీ అంతే.

"నువ్వు ఇంకాస్త ఆగొచ్చుగా?" అన్నాడాయన.

"ఎంతసేపు ఆగాలో ఎవరికి వాళ్ళే అనుకోవాలి. మీరు చెబితే ఎలా?"

చివరికి ఆయన, నువ్వే చెప్పు అని ఊరుకున్నాడు. తీరా చూస్తే, చెప్పాలనుకున్నది కాస్తా ఆవిడ మరిచిపోయింది.