కాలపట్టికకు ఎక్కని పితికిపప్పు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నాకు తాయెత్తు కట్టించుకోమని ఉత్తరాలు రాసేవాళ్ళుంటారు. దయచేసి రాయకండి.

మాది బాగేపల్లి. నాన్నకు చిల్లర అంగడి ఉండేది. అరవైల మొదట్లో నేను బెంగళూరులో హోం సైన్స్ చదివాను. ఆ చదువు పేరు చెబితే చాలు, చుట్టాలు నవ్వేవాళ్ళు. సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ మా అవ్వ వీధిలో అందరి ముందూ అడిగేది.

"సంగటి కెలికేదానికి కాలేజీ ఏంటికే?"

పోషకాహారం, పిల్లల పెంపకం, ఇంటి నిర్వహణ అని చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టేది. ఆమె చెవికి ఒక్క ముక్క ఎక్కేది కాదు.

చివరి ఏడాది ఇంటి నిర్వహణలో మాకు ఒక పరీక్ష ఉండేది. నలుగురు ఆడపిల్లలం ఒక ఇంట్లో నెల రోజులు సంసారం నడపాలి. వంట, శుభ్రం, సరుకులు అన్నీ మేమే చూసుకోవాలి. పనిమనిషిని పెట్టుకోకూడదు. బెంగళూరులో వీలైన ఇల్లు దొరక్క కాలేజీవాళ్ళు చిక్కబళ్ళాపురంలో ఒకటి అద్దెకు తీసుకున్నారు. మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన మేడంది చింతామణి ఊరు. మంచి మనిషే గానీ గడియారం చూడకుండా ఊపిరి కూడా తీసుకునేది కాదు.

దానికి కారణముంది. మేము చేసే ప్రతి పనినీ కాలపట్టికలో రాయాలి. ఎవరు చేశారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు. చేసిన మనిషీ, పట్టిన సమయమూ లేని పనికి మార్కులు లేవు.

ఆ నెలకు ఇంటి పెద్దను నేను. మొదటి తరగతిలో పాసైతే కాలేజీలోనే ఉద్యోగం ఇప్పిస్తామని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. రాకపోతే ఇంటికి వచ్చేయమని నాన్న ముందే చెప్పేశారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంత గట్టిగా నేను అంతవరకూ దేన్నీ కోరుకోలేదు.

అది చిక్కుడు జాతి అనపకాయల కాలం. మా వైపు ఆ రోజుల్లో పితికిపప్పు పులుసు లేని ఇల్లుండదు. గింజలు ఒలిచి నానబెట్టి, నానిన గింజను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. రెండు సేర్ల గింజలు పితకాలంటే నలుగురం కూర్చున్నా గంటన్నర పట్టేది.

రెండో వారంలో ఒక సోమవారం, నానిన గింజలు వంటింట్లో పెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళకు పాఠం చెప్పడానికి మేడంతో కలిసి నలుగురమూ వెళ్ళాం. పదింటికి వెళ్ళి పదకొండుకు తిరిగొచ్చాం. వచ్చేసరికి గింజలన్నీ పితికి ఉన్నాయి. పప్పు గిన్నెలో ఉంది, దాని మీద తడిగుడ్డ కప్పి ఉంది. తోళ్ళు చేటలో కుప్పగా ఉన్నాయి. వీధి తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. పెరటి తలుపుకు లోపలి గడియ తీయలేదు. కిటికీలన్నిటికీ ఇనుప కమ్మీలు.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. కాలపట్టికలో ఏమని రాయను?

నేను ఎవరో పనిమనిషికి దొంగ తాళంచెవి ఇచ్చానని మేడం అనుమానం. ఎవుర్ని పిలిపించినావో చెప్పమని ఆ రోజంతా పీడించింది. పట్టికలో ఆ వరుస మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టేసింది. గురువారం మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ గీత. తలా ఇంత పంచుకుని రాసేద్దామంది ఒక స్నేహితురాలు. మేడం మా పక్కనే నిలబడి ఉన్న గంటలో మేము పప్పు పితికినట్టు ఎలా రాస్తాం?

ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని పక్కింటామెను అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"యాడ సచ్చినారమ్మా? ఇల్లు కట్టి ఇంగా ఏడాది కాలేదు. నోరు మంచిది చేసుకోండి."

పోనీ, చెప్పుకోవడానికి ఒక కథయినా ఉంటే బాగుండేది. అదీ లేదు.

మూడోసారి గింజలు నానబెట్టిన సాయంత్రం వంటింట్లో ఒంటరిగా నిలబడి గోడలతో గట్టిగా మాట్లాడాను. సైన్సు చదివినదాన్ని, నాకే సిగ్గేసింది. "నువ్వెవురైనా సరేనమ్మా, నీ సాయం నాకొద్దు. నా పని నన్ను చేసుకోనీ," అన్నాను.

మర్నాడు మేడం సొంత తాళం తెచ్చింది. వంటింట్లో మూలమూలా వెతికింది. పెరటి గడియ తనే వేసి, నానిన గింజలు లోపలే ఉంచి వంటింటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. మమ్మల్ని నలుగురినీ ఆ తలుపు ఎదురుగానే కూర్చోబెట్టి గంటసేపు రాతపరీక్ష పెట్టింది. తనూ అక్కడే కుర్చీ వేసుకుంది. ఆ గంటలో ఎవరూ లేవలేదు. లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

తాళం తీశాం. రెండు సేర్లూ పితికి ఉన్నాయి. గిన్నె మీద తడిగుడ్డ.

మేడం ఒక పప్పు తీసి వేళ్ళతో నలిపి చూసింది. చేటలోని తోళ్ళలో చెయ్యి పెట్టి కెలికింది. నిజం చెప్పాలంటే నేను ఆనందం పట్టలేకపోయాను. ఇన్నాళ్ళకు నా మాటకు సాక్షి దొరికింది. ఇప్పటికైనా నమ్ముతారా మేడం అని అడిగాను. ఆ ఎర్రగీతలు కొట్టేయమన్నాను.

ఆమె పట్టిక ముందు పెట్టుకుని కలం పట్టుకుని కూర్చుంది. చివరికి ఆ వరుసకు ఎదురుగా సున్న వేసింది.

"నీకు మార్కేస్తే, ఈడ నేను చూసింది నిజమని సంతకం పెట్టినట్లయితాది. పెట్టలేనమ్మా," అంది.

అబద్ధం చెప్పానని సున్న వేసి ఉంటే పోట్లాడేదాన్ని. నేను చెప్పింది నిజమని తెలిసి వేసిన సున్నకు ఎవరితో పోట్లాడను? మొదటి తరగతి నాలుగు మార్కుల తేడాతో పోయింది. ఉద్యోగం వేరే అమ్మాయికిచ్చారు. నేను ట్రంకుపెట్టె సర్దుకుని బాగేపల్లి బస్సెక్కాను. దారి పొడవునా ఏడ్చాను.

ఆ పప్పు ఎవరు పితికారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎలుకలనీ, మతిమరుపనీ, ఎవరో చేసిన కొంటెపని అనీ విన్నవాళ్ళంతా తలా ఒకటి చెప్పారు. ఒక్కటీ ఆ తాళానికి సరిపోలేదు. నా మేలు కోరి చేశారో, కీడు కోరి చేశారో కూడా తేల్చుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆ పప్పుతోనే పులుసు చేశాం. పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. పులుసు కమ్మగా కుదిరింది. సున్న వేసిన మేడం రెండుసార్లు అడిగి మరీ పోయించుకుంది.