నేను ఒప్పుకోని అత్తమ్మ మాట

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా ప్యూన్ వచ్చి, నర్సంపేట నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాడు. మా అత్తమ్మ ఇక లేదు. ఆడబిడ్డ ఇంట్లో పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. మళ్ళీ లేవలేదు. నేను లోపలికి వచ్చి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, అప్పుడు పిల్లలకు చెప్పి బయల్దేరాను. ఆమె అక్కడ ఉంటే అదే చెయ్యమనేది.

అత్తమ్మకు చదువు రాదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. డెబ్బై నాలుగులో నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ పట్టాతో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు చుట్టాలు గొణిగారు. కోడలు బయటికి పోతే ఇల్లు ఎవరు చూస్తారన్నారు. "చదివిందంత మూటగట్టి అటక మీద పెట్టుమంటరా? ఎలుకలు కొడ్తయి" అంది అత్తమ్మ. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆమె రాట్నం దగ్గర కూర్చుని, మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతూ ఉండేది. నా చాయ్ మూత పెట్టి పక్కనే ఉండేది.

"ఇయ్యాల పిల్లలకేం జెప్పినవ్ బిడ్డా?"

మొదట్లో మర్యాదకు అడుగుతోందనుకున్నాను. "వేడి గురించి అత్తమ్మా" అని తప్పించుకోబోతే, "వేడి గురించి ఏం జెప్పినవ్?" అనేది. చెప్పక తప్పేది కాదు.

ఒకరోజు నీళ్ళ పాఠం చెప్పి వచ్చాను. చల్లబడితే ఏ వస్తువైనా దగ్గరకు ముడుచుకుంటుంది. నీళ్ళు మాత్రం గడ్డకట్టే ముందు కొంచెం ఉబ్బుతాయి. అందుకే ఐసు తేలుతుంది, చలి దేశాల్లో చెరువులు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతుకుతాయి. అదంతా చెప్పాను. ఆమె రాట్నం ఆపింది.

"గడ్డ మునిగితేనో?"

"అడుగుకెళ్ళి గడ్డకట్టుకుంట వస్తది. చాపలు బతకవు."

"అయితే ఎవడో మంచిగ సోంచాయించి, ఆలోచన జేసి పెట్టిండు."

"ఎవ్వరు పెట్టలే అత్తమ్మా. నీళ్ళ గుణమే అది."

"గుణం ఏడికెళ్ళి వచ్చింది మరి?"

అణువులు ఎలా అమరుతాయో చెప్పాను. అట్లా అమరుమని వాటికి ఎవరు చెప్పారంది. నా చాయ్ చల్లారిపోయింది. మా మధ్య దేవుడి మాట అక్కడ మొదలైంది.

తర్వాత ఆమె నన్ను వదల్లేదు. భూమినీ సూర్యుణ్ణీ పట్టి ఉంచే ఆకర్షణ ఇంకా బలంగా ఉంటే ఏమయ్యేది? సూర్యుడు తొందరగా కాలిపోయేవాడు, ఇక్కడ ప్రాణం పుట్టడానికి సమయం చాలేది కాదు. పరమాణువు లోపలి పట్టు వదులుగా ఉంటే? మన ఒంట్లో ఉన్న కార్బన్, ఇనుము తయారయ్యేవే కావు. నేను చెప్పినవన్నీ ఆమె మర్నాడు నల్లా దగ్గర ఆడవాళ్ళకు చెప్పేది, చివర్లో దేవుణ్ణి కలిపి. నాకు చిరాకు వేసేది. ఒకసారి కాస్త గట్టిగానే అన్నాను.

"కొలతలు కుదిరినయి గనుకనే మనం ఉన్నం, అడుగుతున్నం. కుదరకపోతే అడిగెటోళ్ళే ఉండరు గదా అత్తమ్మా. ఇందుల వింతేమున్నది?"

రెండు రోజుల తర్వాత బట్టలు ఆరేస్తూ ఆమె హఠాత్తుగా అంది.

"బస్సు బోల్తాపడి అందరు పోయి నేనొక్కదాన్నే బతికిన్ననుకో. ఎట్ల బతికిన్నని అడిగితే, బతికినవ్ గనుకనే అడుగుతున్నవ్ అంటవా? అది నిజమే. గానీ అది జవాబైతదా?"

పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఏ క్లాసులోనూ ఏ పిల్లా నన్ను అట్లా అడగలేదు.

అట్లని ఆమె తన నమ్మకాన్ని ఎవరి మీదా రుద్దే మనిషి కాదు. ఒకసారి పక్కింట్లో భజన పెట్టారు. వేరే ఊరి నుంచి వచ్చిన స్వామి ఒకాయన, దేవుడున్నాడని సైన్సే రుజువు చేసిందని చెబుతున్నాడు. అత్తమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఇంక రుజువు గాలే స్వామీ. నేనైతే నమ్ముత. గానీ మా కోడలు ఆ చదువే చదివింది, ఆమె ఇంక ఒప్పుకోలే. ఆమె ఒప్పుకున్నంక జెప్పున్రి."

అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేకపోయాను. ఇంటికి నడుస్తూ, "నమ్ముడు వేరే, రుజువు వేరే. నువ్వే గదా జెప్పినవ్" అంది, నా పాఠం నాకే ఒప్పజెప్పినట్టు.

డెబ్బై ఏడులో నాకు ఏడో నెలలోనే కొడుకు పుట్టాడు. రెండు రోజులే బతికాడు, దవాఖానాలోనే. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదన్నారు. ఇంటికి వచ్చాక నేను కాలేజీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. అత్తమ్మ గంజి తెచ్చేది, తల దువ్వేది. దేవుడి మాట మాత్రం ఎత్తలేదు. చివరికి నేనే ఎత్తాను.

"గంత సన్నగ కొలిచి పెట్టినోడు, నా కొడుకు ఊపిరి కాడికి వచ్చెటాలకు ఎట్ల మరిచిండు అత్తమ్మా?"

గాయం చెయ్యాలనే అన్నాను. ఆమె కర్మ అనలేదు, రాత అనలేదు.

"నాకెర్క లేదు బిడ్డా" అంది. మా ఆయన కంటే ముందు తనకు ఇద్దరు పుట్టి పోయారని చెప్పింది. నాకు ఆ సంగతే తెలియదు. "అప్పుడు నేను గూడ అడిగిన. జవాబు రాలే. ఇంక అడుగుతనే ఉన్న."

ఆమె నమ్మకం జవాబులు దొరికి వచ్చింది కాదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఆమె నమ్మకం మీద నాకు చిరాకు రాలేదు.

తర్వాతి సోమవారం ఆమె నాతో కాలేజీ గేటు దాకా నడిచి వచ్చింది. "పో, పిల్లలు సూస్తుంటరు. సాయంత్రం నాకేమన్న జెప్పాలె. మస్తు రోజులైంది." ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. సాయంత్రం ఇంటికి గబగబా నడిచానని మాత్రం గుర్తుంది.

ఎనభైలో, శివరాత్రి తర్వాత వచ్చిన అమావాస్య నాడు, సూర్యగ్రహణం పట్టింది. ఖమ్మం వైపు సంపూర్ణం. మా దగ్గర సన్నని గోరంత మిగులుతుందన్నారు. నాకు మళ్ళీ ఐదో నెల. గ్రహణం కడుపులో బిడ్డను ఏమీ చెయ్యదని వారమంతా క్లాసులో బల్ల గుద్ది చెప్పాను. ఆ మధ్యాహ్నం మాత్రం తలుపు మూసుకుని పడుకుంటానన్నాను.

అత్తమ్మ నా పక్కన కూర్చుంది. "సైన్సు ఏమంటది?"

"ఏం గాదంటది. సూర్యుణ్ణి కండ్లతోని సూడొద్దు, గంతే."

"నువ్వు నమ్ముతవా?"

"నమ్ముత. గానీ భయమైతాంది."

"నాగ్గూడ భయమైతాంది" అంది ఆమె. "పా, ఇద్దరం భయపడుకుంటనే పోదాం. ఇయ్యాల నువ్వు లోపల పండుకుంటే, రేపు ఏం మొఖం పెట్టుకోని పిల్లలకు జెప్తవ్?"

వాకిట్లో ఎండకు వీపు పెట్టి నన్ను కూర్చోబెట్టింది. నేను చెప్పినట్టే జల్లెడ ఎత్తి పట్టుకుంది. నేల మీద ఒక్కొక్క చిల్లుకూ ఒక్కొక్క సూర్యుడు పడ్డాడు, నెలవంకల్లాంటి వందల చిన్న చిన్న వంకలు. ఆమె జల్లెడ జరిపింది. అవి నా చీర మీదికీ, కడుపు మీదికీ పాకాయి. వీధంతా తలుపులు మూసుకుని నిశ్శబ్దంగా ఉంది.

"సూర్యుడు అంత పెద్దోడు, చందమామ గింత. సరిగ్గ ఎట్ల కప్పుతాండు?"

"సూర్యుడు నాలుగు వందల రెట్లు పెద్ద. దూరం గూడ నాలుగు వందల రెట్లే. ఊరికే కుదిరింది. ఎప్పటికీ ఇట్లనే ఉండదు. చందమామ ఏటేట జర జర దూరం పోతాండు. కోట్ల ఏండ్లకు పూర్తిగ కప్పలేడు."

"అయితే మనం టైముకే వచ్చినం" అని నవ్వింది ఆమె. ఆ నవ్వుకు జల్లెడ కదిలి, వంకలన్నీ నా మీద మిలమిలా ఊగాయి. నా భయం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

వానలు మొదలయ్యాక మా పాప పుట్టింది. నెలలు నిండి, గట్టిగా ఏడుస్తూ. ఆ తర్వాత సాయంత్రాలు మేం ముగ్గురం అయ్యాం.

చివరిసారి ఆమెను చూసింది బస్టాండులో. కూతురి దగ్గర నెల రోజులు ఉండి వస్తానని నర్సంపేట బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను సంచీ అందించాను.

"ఇంకా ఒప్పుకోవా?" అంది కిటికీలోంచి. దేని గురించో చెప్పనక్కర్లేదు.

"ఒప్పుకోను అత్తమ్మా."

"మంచిది. నువ్వు ఒప్పుకుంటే ఇగ మనం ఏం మాట్లాడుకుంటం?"

బస్సు కదిలింది. చెయ్యి ఊపుతుందనుకుని నిలబడ్డాను. ఆమె అప్పటికే పక్క సీటులో ఉన్న ఎవరో ఆడమనిషి వైపు తిరిగింది. ఒక చెయ్యి పైకెత్తి, రెండు వేళ్ళ మధ్య గోరంత ఎడం పెట్టి, ఏదో కొలత చెబుతోంది. ఆ ఆడమనిషి నోరు తెరిచి వింటోంది. మాటలు నాకు వినబడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలో ఆ చెయ్యి కనిపిస్తూనే ఉంది.