గడియ ఎటువైపు

"నీ గదికి ఎలాంటి కిటికీ కావాలో నువ్వే చెప్పు" అంది మామా. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

దుబాయ్‌లో ఇంటిపని చేసేవాళ్లం యజమానురాలిని మామా అనే పిలుస్తాం. సత్వాలోని ఆ పాత విల్లాలో వంటకి చేరిన నాటి నుంచీ కూరలో ఉప్పెంత వెయ్యాలని కూడా ఆవిడ నన్ను అడిగింది లేదు. ఇప్పుడు ఏకంగా కిటికీ. ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

నా గది సెల్లార్‌లో ఉంది. బయటి నుంచి మెట్లు దిగి రావాలి. ఆ ఏడు పడ్డ పెద్దవానకి మెట్ల గుంటలో నీళ్లు నిలిచి నా తలుపుని ఒత్తేశాయి. బయటికి తెరుచుకునే తలుపు, ఎంత తోసినా కదల్లేదు. పైన పెరటి నేల ఎత్తులో ఉన్న కిటికీ చూస్తే రంగు మీద రంగు వేసి అతుక్కుపోయి ఉంది, దానికి ఇనుప ఊచలొకటి. గదిలో నీళ్లు మోకాళ్లు దాటేసరికి భయంతో గొంతు పోయేలా అరిచాను. ఇంటి డ్రైవరు విని, నీళ్లు తోడి, తలుపు లాగాడు కాబట్టి బతికాను.

అది జరిగాకే కిటికీ మార్చడానికి జగిత్యాల వైపు మనిషి ఒకతను వచ్చాడు. అల్యూమినియం పని అతనిది. తెరుచుకోని అద్దం, పక్కకి జరిపేది, తలుపులా తీసేది, మూడూ చూపించాడు. జరిపేదైతే సగమే తెరుచుకుంటుంది, అందులో నేను పట్టను. తలుపులా తీసేదే కావాలి. కానీ ఎలా అడగడం? పక్క విల్లాలో పనిచేసే అమ్మాయి ఒక శుక్రవారం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. అప్పటి నుంచి మామా గేటు తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతోంది. మనిషి పట్టే కిటికీ కావాలంటే ఇదీ పారిపోయే రకమే అనుకోదూ? ఆ సంగతి నా నోటితోనే చెప్పించాలని అడిగిందేమో.

నేను తలుపులా తీసేదాని మీద చెయ్యి వేశాను. మామా తలూపింది. పక్కకి వెళ్లి అతనితో ఏదో చెప్పింది. అతను తిరిగొచ్చి మెల్లిగా అన్నాడు.

"అక్కా, గ్రిల్ గూడ వెట్టుమంటున్నది. తీసి ఏసుకునే గ్రిల్లే, గని గడియ బయటి దిక్కు ఉండాలెనట."

"బయట గడియ పెడితే లోపలున్న నేనెలా తీస్తాను తమ్ముడూ?"

"అదే గదా. నేను జెప్తె ఇంటలేదు. నువ్వే జెప్పు."

మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే మామాకి అనుమానమొచ్చింది. ఏంటి గుసగుసలు అంది. నాకు తిక్క రేగింది.

"తలుపు తెరుచుకోకపోతే కిటికీలోంచి బయటికి రావాలి మామా."

"వచ్చి ఎక్కడికి పోతావు?"

ఒళ్లు మండిపోయింది. నీళ్లలో అరుస్తున్నప్పుడు నేను ఎక్కడికి పోదామని అరిచానట?

బిగించే రోజు వాళ్ల వ్యాను కోసం గేటు బార్లా తీసి ఉంది. గ్రిల్ అయింది, ఇక గడియ ఒక్కటే మిగిలింది. అతను దాన్ని చేత్తో పట్టుకుని పెరట్లో మామా పక్కన నిలబడ్డాడు. ఆవిడ బయటివైపే చూపించింది. గదిలో ఉన్న నేను ఇక ఆగలేదు. స్టూలెక్కి, గడియ లేని గ్రిల్ తోసి, కిటికీలో తల దూర్చాను. మోచెయ్యి గీరుకుంది, నడుం దగ్గర ఇరుక్కున్నాను. అతను నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఎలాగో పాక్కుంటూ వాళ్ల కాళ్ల దగ్గర తేలాను.

లేచి దుమ్ము దులుపుకున్నాను. ఎదురుగా తీసి ఉన్న గేటు. మామా చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి వెళ్లింది. నేను మెట్లు దిగి మళ్లీ నా గదిలోకే వెళ్లి, స్టూలెక్కి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాను.

"ఇందులో నేను పట్టాను మామా. ఆ గడియ ఇటివ్వమనండి."

ఆవిడ గేటు వంక చూసింది, నా చెయ్యి వంక చూసింది. "యల్లా, ఇక కానివ్వు, లోపలే పెట్టు" అంది అతనితో.

ఆవిడ అనుమానం తీరిందో లేదో నాకు తెలియదు. నాది మాత్రం తీరలేదు. ఇప్పటికీ పొద్దున్నే చాయ్ పెట్టడానికి పైకి వెళ్లే ముందు ఆ గడియ ఒకసారి తీసి చూస్తాను.