వైరు చుట్టిన సైకిలు

మా బాపు సైకిలుకు చుట్టిన ప్లాస్టిక్ వైరును విప్పి పరిస్తే, మా ఎడపల్లి నుంచి బోధన్ దాకా పోయి, అక్కడ చాయ్ తాగి, తిరిగి వచ్చేది. నేను కాస్త పెంచి చెబుతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీరూ కాస్త తగ్గించుకుని చదవండి.

మా అవ్వ, అంటే అమ్మ, చిన్నప్పుడు డిచ్‌పల్లి ఆస్పత్రిలో ఉండి కుష్టుకు మందులు మింగింది. రోగం పోయింది. పోతూ పోతూ పాదాల్లోని స్పర్శను మూటగట్టుకుని పోయింది. ఆమె బస్సెక్కితే చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యేవి. మంత్రిగారికి కూడా అంత జాగా దొరకదని నేను నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు. మళ్లీ బస్సెక్కలేదు. నడిస్తే పాదాలు పుండ్లు పడతాయి. ఆదివారం బోధన్ చర్చికి పోవాలంటే ఆమెకు మిగిలింది బాపు సైకిలు వెనక క్యారియరే.

ఎగిరి కూర్చోవడం ఆమెకు చేతకాదు. ముందు ఆమెను కూర్చోబెట్టి, వెనక నుంచి కాలు తిప్పితే ఆమెకు తగులుతుందని, తర్వాత బాపు సీటు ముందుండే అడ్డగొట్టం, ఆ డండా మీదుగా కొంగలా కాలెత్తి ఎక్కేవాడు.

ఒక మే నెలలో ఆరాధన అయ్యేదాకా సైకిలు ఎండలో నిలబడింది. తిరుగు దారిలో అవ్వ చెప్పు జారిపోయింది. కాళ్లు పెట్టుకునే ఇనుప పట్టీ మీద ఒట్టి పాదం ఆనించి, ఆమె పాటలు పాడుకుంటూ ఇల్లు చేరింది. చూస్తే అరికాలు పూరీలా పొంగి ఉంది. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

మర్నాడే నిజామాబాద్ పోయి ప్లాస్టిక్ పెడళ్లు, ప్లాస్టిక్ మడ్‌గార్డులు, ప్లాస్టిక్ చైన్ కవరు వేయించుకొచ్చాడు. ఆ వారం ఊళ్లో బకెట్లు చేయడానికి ప్లాస్టిక్ మిగిలిందని నేననుకోను. అదీ చాలక, బుట్టలల్లే వైరు కొనుక్కొచ్చి ఇనుప పట్టీకి చుట్టాడు. అక్కడితో ఆగకుండా గొట్టాలన్నిటికీ సందు లేకుండా చుట్టాడు.

“కాలు వెట్టేకాడ సుడితే సాలదా? గా డండాలేం జేసినయ్?” అంది అవ్వ.

“ఏ ఇనుము ఎప్పుడు కాల్తదో నీకెట్ల ఎరుక? నీకు ఇనుమే కనవడొద్దు.”

“అయితే నన్ను గూడ సుట్టు.”

“గంత వైరు బజార్ల లేదు.”

ప్రతి శనివారం బాపు సైకిలును నిజాంసాగర్ కాలువలో కడిగేవాడు. మాకు బాప్తిస్మం ఒక్కసారే, సైకిలుకు మాత్రం వారం వారం, అదీ నిండా ముంచి. పైన తుడిస్తే వైరు తళతళలాడేది. చుట్ల కింద చేరిన నీటిని తుడిచే దారి లేదు.

ఏడెనిమిదేళ్లు గడిచాక ఒక ఆదివారం, చెరుకు బండ్ల దారిలో సైకిలు నడిమికి విరిగింది. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. బాపు భుజం ఎముక విరిగింది. అవ్వ కాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆమె తన కాలి వైపే చూడలేదు. బాపు ముఖమే చూస్తోంది.

సైకిల్ షాపాయన కత్తితో వైరు కోశాడు. లోపల గొట్టం లేదు. ఎర్రటి తుప్పు బెల్లం పొడిలా రాలింది.

“పెద్దన్నా, నీళ్లు లోపటికి పోయినయ్, బయటికి రాలే. సుట్టకపోతే ఇంకిన్నేండ్లు నడుస్తుండె” అన్నాడు.

బాపు తలూపాడు. ఇంటికొచ్చాక అవ్వతో అన్నాడు: “దాన్ని తుప్పుకు నేనే తినవెట్టిన.”

నేను కొత్త సైకిలు కొన్నాను. ఈసారి బాపు వైరు తేలేదు. పట్టీ మీద తడి గోనెసంచి మడిచి వేసి, అరచేత్తో నొక్కి చూసి, అవ్వను పిలిచాడు. ఆమె కదల్లేదు.

“మెల్లగ తొక్కుత, రా.”

“పడితే నాకు నొప్పి ఎరుకనే కాదు. నీకైతది. నువ్వు వొయ్యి రా. నా పాట గూడ నువ్వే పాడు.”

ఆమె మళ్లీ ఎక్కలేదు. బాపు ఆదివారాలు ఒక్కడే పోయేవాడు. తడి గోనెసంచి మాత్రం ప్రతిసారీ వేసేవాడు. వెనక క్యారియర్ ఖాళీగా ఉన్నా, ముందు డండా మీదుగానే, నొప్పి భుజం పట్టుకుని, కొంగలా కాలెత్తి ఎక్కేవాడు.