గంజి పెట్టిన వింటినారి

బడికున్న ఒక్క మంచి విల్లూ మగపిల్లల వంతుకు పోయింది. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, మా ఆటల సారు ఎక్కడినుంచో పాత వెదురు విల్లు తెచ్చిచ్చాడు. ఎవరో అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతూ వదిలేసిందట. పిడి దగ్గర ఆమె చేతి చెమటకు నల్లబడి ఉంది. దానికి నారి లేదు. వనపర్తిలో విలువిద్య సెలక్షన్లు వారంలోపే. అందులో నెగ్గాలని నాకు పిచ్చిగా ఉండేది, అన్నం కూడా సయించేది కాదు.

"నారి హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలంట" అన్నాను ఇంటికొచ్చి. మగ్గం గుంటలో కూర్చున్న నాయిన పగలబడి నవ్వాడు.

"గద్వాల మగ్గపోల్లు దారం కోసం హైదరాబాద్ పోవాల్నా? ఎవలన్న ఇంటె నవ్విపోతరు బిడ్డా!"

నూలు పోగులు కలిపి పురి పెట్టాడు. మా ఇంట్లో ఏ దారమైనా గంజి తాగాల్సిందే కదా! పడుగుకు పెట్టినట్టే చిక్కగా పెట్టి, కుంచెతో దువ్వి, ఎండలో సాగదీశాడు. ఆరాక అది మెరిసిపోయింది. సంతోషంతో నేను వీధంతా గెంతాను.

"సదువుల లేని సోకు బాణాలల్ల ఉన్నది" అని అమ్మ సణిగింది కానీ, గురిపెట్టడానికి గోనెసంచిలో గడ్డి కుక్కిచ్చింది ఆమే.

పొద్దున పడుగులు సాగదీసే మా వీధి సాయంత్రానికి ఖాళీ అవుతుంది. గోనెసంచిని ఆ చివర నిలబెట్టాం. విల్లు అందుకోబోతే నాయిన ఇవ్వలేదు.

"ఆగు. జర నేను గుంజి సూస్త. నీకేమన్న తాకితే?"

చెవిదాకా లాగాడు. టప్పుమంది. వింటి కొన దగ్గర, ముడి మెలితిరిగిన చోట, నారి తెగింది. ఆ విసురుకు విల్లు పైసగం నిలువునా చీలిపోయింది. మగ్గం మీద దారం నిటారుగా ఉంటుంది, అక్కడ గంజే బలం. మెలితిరగాల్సిన చోట అదే గంజికి దారం బిరుసెక్కి పుటుక్కుమంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. పాపం, నాయిన చేతిలో విల్లుతో అట్లాగే నిలబడిపోయాడు. ఏడుద్దామంటే ఆయన ఎదురుగా ఉన్నాడు.

"అతుకుత బిడ్డా. తెగిన పోగులు అతుకుడే గద నా పని. అతుకు ఏడున్నదో ఎవనికీ తెల్వది."

మగ్గం ఆపి మరీ కూర్చున్నాడు. చీలికలో జిగురు పోసి, చీర అంచుకు మిగిలిన మెరూన్ పట్టుదారం వెంట్రుక సందు లేకుండా చుట్టాడు. ఈసారి గంజి లేకుండా కొత్త నారి కట్టాడు. చూడ్డానికి ఎంత బాగుందో! ఆయన లేనప్పుడు మెల్లగా లాగితే, కట్టు కింద వెదురు కిర్రుమంది. వదిలేశాను. ఆ మాట ఆయనకు ఏ నోటితో చెప్పను?

వనపర్తికి నాయిన కూడా వచ్చాడు. బస్సులో విల్లును ఒళ్లోనే పెట్టుకున్నాడు. మైదానంలో హద్దుగా కట్టిన తాడు అవతల నిలబడి, పక్కనున్న ముసలాయనతో "అతుకు ఏడున్నదో జెప్పుండ్రి సూద్దాం" అంటున్నాడు.

నా పేరు పిలిచారు. గీత దగ్గరికి వెళ్లి బాణం సంధించాను. లాగితే అది ఆయన కళ్లముందే విరుగుతుంది. లాగకపోతే నా పని అంతే. వెనక్కి తిరిగి చూశాను. నాయిన నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"సార్, బుజం నొస్తుంది" అన్నాను.

సారు తిట్టినంత తిట్టాడు. తరవాతి పిల్లను పిలిచారు.

తిరుగు బస్సులో నాయిన విల్లును కిటికీ వారగా భద్రంగా నిలబెట్టాడు.

"ఏ బుజం బిడ్డా?"

అది ఆలోచించుకోనేలేదు. ఏదో ఒకటి చూపించాను. కృష్ణ దాటి గద్వాల వచ్చేదాకా దాన్ని నొక్కుతూనే ఉన్నాడు.

"పోనీతియ్. బుజానిదేముంది, తగ్గుతది. విల్లయితే మంచిగున్నది గద" అన్నాడు.