మంత్రం మీద మంత్రం

“మళ్లీ గవ్వలు దొంగాటగా వేశావు,” అన్నాడు మా ఆయన.

“ఓడిపోయినోళ్లందరూ అదే అంటారండీ,” అన్నాను.

మేమిద్దరం ఆఖరున అనుకున్న మాటలు అవే. అష్టాచెమ్మా గీతల పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, మరి లేవలేదు. ఆ తర్వాత రెండేళ్లు నేను ఏ ఆటా ముట్టుకోలేదు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇది రాస్తున్నది నా కూతురి కూతురు. విజయవాడలో కాలేజీ చదువుతోంది. సెలవులకు నూజివీడు వచ్చినప్పుడల్లా ముగ్గురు స్నేహితురాళ్లను వెంటేసుకొచ్చి మా వసారాలో ఒక ఆట ఆడేది. బల్ల మీద కాగితాలు, ఇరవై ముఖాల పాచిక. ఒక పిల్ల కథ నడుపుతుంది, మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. మా ఆయన పోయిన రెండేళ్లకు వచ్చిన వేసవిలో, మంత్రగత్తెగా ఆడే అమ్మాయి రాలేదు.

“అమ్మమ్మా, నువ్వు మంత్రగత్తెవి. కూర్చో.”

“వీధిలోకి వినపడేట్టు అనకే తల్లీ,” అన్నాను, కానీ కూర్చున్నాను.

అందులో మనవరాలు కత్తి పట్టిన వీరనారి. రెండేళ్లుగా ఆ ఒక్క మనిషిగానే ఆడుతోంది. ఆటలో చచ్చిపోతే ఆ మనిషి వివరాలు రాసుకున్న కాగితం చించేయాలి, అది వాళ్ల కట్టుబాటు. ఆ మధ్యాహ్నం నిప్పులు కక్కే డ్రాగన్ ఎదురొచ్చింది. వీరనారికి మిగిలినవి ఎనిమిది ప్రాణాలు; పాచిక మీద ఎంత పడితే అన్ని పోతాయి. నాకు మిగిలినవి రెండు మంత్రాలు. వీరనారికి ఎనిమిది దెబ్బలు ఆపే కవచం మంత్రం వేశాను. దాని మీద ఇంకో కవచం అన్నాను.

కథ నడిపే పిల్ల తల అడ్డంగా ఊపింది. “ఒకే మంత్రం రెండుసార్లు వేస్తే కలవదు అమ్మమ్మగారూ. రెండు గొడుగులు పట్టుకుంటే రెండింతలు పొడిగా ఉంటామా?”

“నా గొడుగులు, నా ఇష్టం.”

“రూల్ అదండీ.”

మనవరాలు కాగితాన్ని గుండెకు హత్తుకుంది. కళ్లలోంచి నీళ్లు జారాయి. కాగితమే కదే అనబోయి మానుకున్నాను.

విస్సన్నపేట మామిడి తోటల్లో కాయ కోసి గంపలకెత్తే పని నాది. లారీ వచ్చేదాకా కాయ ఎండకు ఉడికిపోకూడదు. ఆకు మీద ఆకు ఎంత పరిచినా వేడి దిగదు. ఆకు మీద తడిగోనె కప్పితే దిగుతుంది. ఆకు ఎండను ఆపుతుంది, గోనె చల్లబరుస్తుంది.

“రెండో కవచం వద్దులే. నీళ్ల మంత్రం వేస్తాను. నా మనవరాలికి తలంటు పోయండి,” అన్నాను.

“యుద్ధంలో స్నానమేంటి మామ్మా?” అని నవ్వింది రెండో స్నేహితురాలు.

“కవచం దెబ్బను ఆపుద్ది, తడి నిప్పును చంపుద్ది. రెండూ వేరే పనులు. కలుస్తాయా, కలవవా?”

కథ నడిపే పిల్ల ఆట రూల్స్ పుస్తకం తిరగేసింది. చాలాసేపు తిరగేసింది.

“కలుస్తాయండీ.”

డ్రాగన్ పాచిక పద్దెనిమిది పడింది. కవచానికి ఎనిమిది పోయాయి. మిగిలిన పదిలో సగాన్ని తడి మింగేసింది. ఐదు దెబ్బ తగిలి, మూడు ప్రాణాలతో వీరనారి నిలబడింది. మనవరాలు నా మీద పడితే కుర్చీతో సహా వెనక్కి ఒరిగాం.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. “ఎవరు పాసయ్యారండీ?”

“మా పిల్ల నిప్పుల్లోంచి బయటపడిందండీ!” అని అరిచాను. ఆవిడ హడలిపోయి బిందెతో నీళ్లు పట్టుకొచ్చింది.

ఏంటే, పెన్ను ఆగింది? కాగితం పట్టుకుని ఏడ్చావని చెప్పాను, అది రాశావా, ఎగ్గొట్టావా? ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు.